'ముస్లిమ్ కాండక్ట్ ఆఫ్ స్టేట్' : ఒక పరిశీలన

అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదవడానికి కూర్చున్న విద్యార్థికి మొదటి పాఠంలోనే ఎదురయ్యే పేరు హ్యూగో గ్రోషియస్. హాలెండు దేశస్థుడైన ఈ న్యాయవేత్త 1625లో యుద్ధ, శాంతి నియమాలను గురించి లాటిన్ భాషలో వెలువరించిన గ్రంథంతో ఈ శాస్త్రం పుట్టిందనీ, 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధితో దానికి నడక వచ్చిందనీ ఆ పాఠం చెబుతుంది. కొన్ని పుస్తకాలు కాస్త ఉదారంగా స్పెయిన్ మతాచార్యుడు విటోరియాను కూడా తలుస్తాయి. అంతకుముందు గ్రీకులు, రోమనులు. ఆ రోమనులకూ ఈ గ్రోషియస్‌కూ నడుమ వెయ్యేళ్ళ పాటు ప్రపంచంలో రాజ్యాలు లేవా, రాయబారులు తిరగలేదా, సంధిపత్రాలపై ముద్రలు పడలేదా అన్న ప్రశ్న విద్యార్థికి సాధారణంగా తోచదు. తోచినా పరీక్షలో దాన్ని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్నను అడిగి, జవాబు చెప్పడానికి ఒక జీవితకాలం వెచ్చించిన పండితుడు హైదరాబాదు వాడే కావడం తెలుగు పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయం. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయంపైనా, పారిస్‌లోని సొర్బాన్‌లో దైవప్రవక్త (స) కాలపు, ఖులఫాయె రాషిదీన్ కాలపు దౌత్యంపైనా పరిశోధన పట్టాలు పొంది, తిరిగి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించారు. ఆంగ్లంలో ఆయన వ్రాసిన 'ముస్లిమ్ కాండక్ట్ ఆఫ్ స్టేట్' 1940ల తొలి ఏళ్ళలో హైదరాబాదు త్రైమాసిక పత్రిక 'ఇస్లామిక్ కల్చర్'లో వెలువడి, ఆపైన లాహోరులో పుస్తకరూపం దాల్చింది. పలుమార్లు పునర్ముద్రణ కూడా పొందింది. దీన్ని పేరు చెప్పి గర్వించేవారు ఎక్కువ, చదివినవారు తక్కువ. ప్రపంచ రాజకీయాలను అర్థం చేసుకోగోరే యువతరం దీన్ని చదవాలి. అయితే ఎలా చదవాలన్నదే అసలు సమస్య.

ఈ గ్రంథం హైదరాబాదులో పుట్టడం యాదృచ్ఛికం కాదు. ఇమామ్ అబూ హనీఫా శిష్యుడైన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (మరణం హిజ్రీ 189) రాజ్యాల మధ్య వ్యవహార నియమాలను 'సియర్' అనే పేరుతో ప్రత్యేక శాస్త్రంగా క్రోడీకరించాడు. ఆయన 'సియరె కబీర్'కు 11వ శతాబ్దంలో ఇమామ్ సరఖ్సీ విపుల వ్యాఖ్యానం కూర్చాడు. పాలకుని ఆగ్రహానికి గురై ఫర్గానా ప్రాంతపు ఉజ్జంద్‌లో ఖైదుగా ఉంటూ ఆయన శిష్యులకు చెప్పి వ్రాయించిన గ్రంథాలలో ఇదొకటి. విడుదలైన తరువాతనే ఇది పూర్తయింది. తాళపడిన చోటు నుంచి రాజ్యాలకు న్యాయం చెప్పిన ఈ గ్రంథాన్ని హిజ్రీ 1335 ప్రాంతంలో, అంటే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, నాలుగు సంపుటాలుగా అచ్చువేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. ఐరోపా రాజ్యాలు తమ సంధిపత్రాలను చింపి పారవేసుకుంటున్న రోజులవి. అప్పుడే ఇక్కడి అచ్చుకూటంలో సంధుల పవిత్రతను గురించిన అక్షరాలు కూర్చబడుతున్నాయి. హమీదుల్లా చేతికి ఆ సంపుటాలు అందుబాటులో ఉన్నాయి.

గ్రంథపు గొప్పదనం మొదట దాని నిర్వచనంలోనే కనబడుతుంది. ముస్లిమ్ రాజ్యం ఇతర రాజ్యాలతో వ్యవహరించేటప్పుడు పాటించే స్వదేశ చట్టం, ఆచారం, ఒప్పంద బాధ్యత – ఇదే ముస్లిమ్ అంతర్జాతీయ న్యాయమని హమీదుల్లా తేల్చారు. ఎదుటి రాజ్యం ముస్లిమ్ రాజ్యమా కాదా, తాను దాన్ని ఇష్టపడుతుందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. అది వాస్తవంగా ఉన్నదైతే చాలు. ఇక ఆధారాల విషయం. ఖుర్ఆన్, హదీస్, ఇజ్మా, ఖియాస్ అనే నాలుగు మూలాలతో ఆయన ఆగలేదు. ఖలీఫాల ఆచరణ, ఫుఖహాలు తప్పుపట్టని తరువాతి పాలకుల ఆచరణ, మధ్యవర్తుల తీర్పులు, సంధులు, సేనానులకు ఇచ్చిన లిఖిత ఆదేశాలు, విదేశీయుల విషయమై చేసిన చట్టాలు, లోకాచారం – వీటన్నిటినీ ఆధారాలుగా స్వీకరించారు. ఇది చిన్న సాహసం కాదు. న్యాయమనేది ఫిఖహ్ గ్రంథాలలోనే కాక దివాణాలలోనూ, పాళెములలోనూ, రేవుపట్టణాలలోనూ దొరుకుతుందని చెప్పడమన్నమాట.

అయితే ఈ సరుకునంతా పోసిన పాత్ర ఎవరిది? గ్రంథంలో భాగాల అమరిక చూడండి: ఉపోద్ఘాతం, శాంతి, శత్రుత్వ సంబంధాలు, తటస్థత. ఇది 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో వెలువడిన ఓపెన్‌హైమ్ పాఠ్యగ్రంథం నాటి నుంచి ఆంగ్ల విశ్వవిద్యాలయాలలో నడిచిన చట్రమే. దీనివల్ల ఒక లాభం జరిగింది. పాశ్చాత్య న్యాయం చదివిన విద్యార్థి ప్రక్క ప్రక్కన రెండు పుస్తకాలు తెరిచి పోల్చుకోవచ్చు. నష్టమూ జరిగింది. షైబానీ గ్రంథపు అసలు స్వరూపం మరుగునపడింది. అది చాలాచోట్ల ప్రశ్నోత్తరాల రూపంలో సాగుతుంది. శిష్యుడు అడుగుతాడు, గురువు చెబుతాడు. ఆ ప్రశ్నలు రాజాధిరాజుల గురించి తక్కువ. సరిహద్దు దాటిన వర్తకుడి గురించి, అభయం పొంది వచ్చి ఇక్కడ మరణించిన విదేశీయుడి ఆస్తి గురించి, శత్రుదేశంలో వర్తకానికి పోయిన ముస్లిమ్ అక్కడి వారికి ద్రోహం చేయవచ్చునా అన్నదాని గురించి. (చేయరాదనే జవాబు. అభయం పుచ్చుకొని ప్రవేశించినవాడు, రెండు రాజ్యాలు యుద్ధంలో ఉన్నా సరే, వారి ధనప్రాణాల జోలికి పోరాదు.) పాశ్చాత్య న్యాయం చిరకాలం రాజ్యాన్ని మాత్రమే చూసింది, సియర్ మనిషిని చూసింది. ఓపెన్‌హైమ్ చట్రంలో అమర్చేసరికి ఆ మనిషి మళ్ళీ రాజ్యం నీడలోకి పోయాడు.

పోలిక పెట్టుకునే ఈ అలవాటు హమీదుల్లాతో మొదలైనదేమీ కాదు. 19వ శతాబ్దంలోనే ఆస్ట్రియా పండితుడు హామర్ పుర్గ్‌స్టాల్ షైబానీని 'ముస్లిముల గ్రోషియస్' అన్నాడు. ఆ బిరుదును ముస్లిమ్ రచయితలు నేటికీ సంతోషంగా వల్లిస్తున్నారు. ఎనిమిది వందల ఏళ్ళ ముందటివాడికి తరువాతివాడి పేరు పెట్టడంలో ఉన్న తలకిందులు ఎవరికీ పట్టదు!

కాగా గ్రంథంపై ముఖ్యమైన అభ్యంతరం వేరొకటి ఉన్నది. పేరు 'కాండక్ట్' – నడవడి. లోపల ఎక్కువగా ఉన్నది మాత్రం నడవవలసిన తీరు. ఆచరణను ఆధారంగా స్వీకరిస్తానని మొదట చెప్పిన రచయిత, దృష్టాంతాలు చూపవలసి వచ్చినప్పుడు చాలావరకు దైవప్రవక్త (స) కాలానికి, తొలి ఖలీఫాల కాలానికి మరలిపోతారు. ఆ దృష్టాంతాలు మహోన్నతమైనవి అనడంలో సందేహం లేదు. హిజ్రీ 6లో హుదైబియా వద్ద సంధి షరతులు వ్రాయబడుతుండగానే ఖురైషు ప్రతినిధి సుహైల్ కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్ళతో వచ్చి శరణుకోరడం, మాట ఇచ్చినందున ఆయనను తిరిగి పంపివేయడం – సంధిని పాటించడమంటే ఏమిటో ఇంతకు మించి చెప్పే ఘట్టం అరుదు. కాని ఆ తరువాతి పదమూడు శతాబ్దాలు? ఉమయ్యాలు, అబ్బాసీలు, ఉస్మానీ సుల్తానులు, మొగలులు ఏమి చేశారు? వారిలో ఎవరు పాటించారు, ఎవరు పాటించలేదు, పాటించనప్పుడు ఎవరు ప్రశ్నించారు? ఈ లెక్కకు గ్రంథంలో దక్కిన చోటు స్వల్పం.

సైప్రస్ ద్వీపం ఉదంతం తీసుకుందాం. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, సిరియా పాలకుడైన ముఆవియా (రజి) ఆ ద్వీపవాసులతో ఒడంబడిక చేసుకున్నారు. వారు ఏటా ఏడు వేల పైచిలుకు దీనారులు ముస్లిములకు చెల్లిస్తారు. అటు రోమనులకు కూడా చెల్లిస్తారు. ఎవరి పక్షాన యుద్ధం చేయరు. రెండు మహాశక్తుల మధ్య ఒక చిన్న ద్వీపం తన బ్రతుకు తాను బ్రతికే ఏర్పాటిది. ఈ ఏర్పాటు శతాబ్దాల తరబడి, ఒడిదుడుకులతోనే, నిలిచింది. ఉమయ్యా ఖలీఫా వలీద్ బిన్ యజీద్ అనుమానం మీద ద్వీపవాసులు పలువురిని సిరియాకు తరలించినప్పుడు ముస్లిములే దాన్ని తప్పుపట్టారు; తరువాత వచ్చిన యజీద్ బిన్ వలీద్ వారిని తిరిగి స్వస్థలానికి పంపాడు.

అబ్బాసీల కాలంలో సరిహద్దు పాలకుడు అబ్దుల్ మలిక్ బిన్ సాలిహ్‌కు సైప్రస్ వారు మాట తప్పారన్న అనుమానం కలిగింది. దండెత్తడానికి ముందు ఆయన చేసిన పని, వివిధ నగరాల ఫుఖహాలకు లేఖలు వ్రాయడం. జవాబులు వచ్చాయి, అవి ఒక్కమాటగా లేవు. ఈజిప్టు నుంచి లైస్ బిన్ సఅద్, ఆ ద్వీపవాసులపై అనుమానం ఎప్పటినుంచో ఉన్నదే గనుక ఒడంబడిక రద్దును బహిరంగంగా ప్రకటించి ఒక ఏడాది గడువు ఇవ్వమన్నారు. మదీనా నుంచి ఇమామ్ మాలిక్, పూర్వపాలకులెవరూ రద్దుచేయని సంధి ఇది, రుజువు చేతికి అందేవరకు తొందరపడవద్దన్నారు. కొందరు చేసిన తప్పుకు అందరినీ శిక్షించరాదని మూసా బిన్ అఅయన్ వ్రాశారు. వారు రోమనుల చేత అణగదొక్కబడినవారు, వారిని కాపాడటమే ధర్మమని ఇస్మాయీల్ బిన్ అయ్యాష్ అభిప్రాయపడ్డారు. సుఫ్యాన్ బిన్ ఉయైనా మాత్రం ఒడంబడిక భంగమైనట్టే భావించారు. బలాజురీ, అబూ ఉబైద్ ఈ జవాబులను భద్రపరిచారు.

ఒక సైనిక పాలకుడు, చేతిలో సేన ఉండి, అనుమానానికి కారణం ఉండి, మొదట న్యాయసలహా కోరడం. సలహాదారులు ఆయన మనసు కనిపెట్టి కాక తమ తమ తీర్మానం ప్రకారం బదులివ్వడం. భిన్నాభిప్రాయాలు చెరిగిపోకుండా నిలవడం – ఇది నడవడి. విజయాల జాబితా కంటే ఈ ఉత్తరాల కట్ట విలువ ఎక్కువ. 'ముస్లిమ్ కాండక్ట్ ఆఫ్ స్టేట్' వంటి పేరుగల గ్రంథం ఇటువంటి చోట్ల తీరికగా ఆగవలసింది.

దీనికి ఎదురుగా మరో ఘట్టం. దైలమ్‌లో తిరుగుబాటు చేసిన యహ్యా బిన్ అబ్దుల్లాకు ఖలీఫా హారూన్ రషీద్ లిఖితపూర్వకంగా అమాన్ ఇచ్చి లొంగదీసుకున్నాడు. కొంతకాలానికి ఆ అభయపత్రాన్ని రద్దుచేయాలనిపించింది. షైబానీని పిలిపించి అడిగారు. సియర్ వ్రాసిన ఆ చేయి అమాన్ చెల్లుతుందనే తేల్చింది. ఖలీఫా ఆగ్రహించాడు. మరో న్యాయవేత్త అబుల్ బఖ్తరీ పత్రం చెల్లదని చెప్పి దాన్ని చింపివేశాడు. యహ్యా ఖైదులో మరణించాడు. న్యాయం ఉన్నది, న్యాయవేత్త నిలబడ్డాడు, అయినా పాలకుడు తాననుకున్నది చేశాడు. అంతర్జాతీయ వ్యవహారాలు చదివే విద్యార్థికి ఇవన్నీ తెలియాలి. ఒకటి చెప్పి మరొకటి దాచడం చరిత్ర కాదు.

హమీదుల్లాకు ఎదుటి పక్షంగా సాధారణంగా చూపబడేవాడు మజీద్ ఖద్దూరీ. మోసూల్‌లో జన్మించి, 1945 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో సభలో ఇరాక్ ప్రతినిధి వర్గంలో పాల్గొని, అమెరికాలో ఆచార్యుడైన ఈ పండితుని 'వార్ అండ్ పీస్ ఇన్ ది లా ఆఫ్ ఇస్లామ్' 1955లో వెలువడింది. షైబానీ సియర్‌కు ఆయన చేసిన ఆంగ్లానువాదం 1966లో వచ్చింది. ఆ అనువాదానికి విద్యాలోకం ఋణపడి ఉన్నది. కాని ఆయన దృష్టిలో దారుల్ ఇస్లామ్, దారుల్ హర్బ్ అనే విభజనే ఈ శాస్త్రానికి ప్రాణం; వాటి మధ్య శాంతి తాత్కాలికం, తటస్థతకు సూత్రరీత్యా తావు లేదు. ఫుఖహాలు తమ కాలపు పరిస్థితిని వర్ణించిన మాటలను ఇస్లామ్ శాశ్వత స్వభావంగా గ్రహించడం ఇందులోని దోషం. ఇక్కడ సైప్రస్ ఏమి చెబుతుంది? ఇరుపక్షాలకూ సుంకం కట్టిన ఆ ద్వీపాన్ని ఏ 'దార్'లో చేర్చాలి? విచిత్రమేమిటంటే, ఒకరు సమర్థించడానికి, మరొకరు వేరుచేసి చూపడానికి పూనుకున్నా, ఇద్దరూ గ్రంథస్థ సూత్రాన్నే చరిత్రగా భ్రమించారు. నేడు టెలివిజన్ చర్చలలో ఇస్లామ్ విదేశాంగ నీతి గురించి రెండు పక్షాలవారూ చేసే వాదం ఈ రెండు గ్రంథాల పలచబడిన రూపమే.

సూత్రానికీ ఆచరణకూ మధ్య దూరం ఎంత భయంకరంగా ఉంటుందో 1979 నవంబరు 4న టెహరానులో లోకం చూసింది. అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినవారు విద్యార్థులు. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. వారి ఆగ్రహానికి కారణం లేకపోలేదు. 1953లో ప్రధాని ముసద్దిఖ్ ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటిషు గూఢచార సంస్థలు కూలదోసిన సంగతి ఇరానీయులు మరువలేదు. అయినా రాయబారి ప్రాణమానాలు రక్షితమన్నది, అబద్ధపు ప్రవక్త ముసైలిమా పంపిన దూతలను సైతం దైవప్రవక్త (స) క్షేమంగా విడిచిన నాటినుంచీ స్థిరమైన విధి. 1980 మే 24న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఇరాన్‌కు వ్యతిరేకంగా తీర్పు చెబుతూ, రాయబారుల రక్షణ సూత్రం పెంపొందడానికి ఇస్లామ్ సంప్రదాయాలు గణనీయంగా తోడ్పడ్డాయని పేర్కొన్నది. 'నాగరిక జాతుల' న్యాయసూత్రాలను మాత్రమే గుర్తిస్తామని తన రాజ్యాంగంలో నేటికీ వ్రాసుకున్న న్యాయస్థానం అది. 1856 వరకు ఉస్మానీ రాజ్యాన్ని ఐరోపా బహిరంగ న్యాయపు గడప తొక్కనివ్వని సంప్రదాయానికి అది వారసురాలు. అటువంటి చోట ఈ మాట రావడం హమీదుల్లా వంటి వారి జీవితకాల వాదానికి దక్కిన గుర్తింపే. కాని ఏ సందర్భంలో దక్కింది! ముస్లిముల తోడ్పాటును ముస్లిముల మీది తీర్పులో చదువుకోవలసి వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరులో ఇరాక్, ఇరాన్ యుద్ధం మొదలై 1988 దాకా సాగింది. ముస్లిమ్ రాజ్యాల వివాదాలు తీర్చడానికి ఒక ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయస్థానం కావాలని ఇస్లామీయ సమావేశ సంస్థ సంకల్పించి, 1987లో కువైట్ శిఖరాగ్ర సభలో దాని నిబంధనావళిని ఆమోదించింది. తగినన్ని సభ్యరాజ్యాలు ధ్రువీకరించక అది ఇంతవరకు అమలుకు రాలేదు. సంస్థలో 57 రాజ్యాలు ఉన్నాయి. షైబానీ వారసత్వాన్ని గురించి ప్రసంగాలు చేయని రాజ్యం వాటిలో అరుదు.

ఇంకొక మాట, తెలుగు జిల్లాల ఇళ్ళకు దగ్గరిది. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి పోయే యువకుని చేతిలోని వీసా ఏమిటి? అది అమానే అని సమకాలిక ఫిఖహ్ పండితులు పలువురు అంటారు. లోపల ప్రవేశించినవాడు ఆ దేశ చట్టానికి బద్ధుడని వారు దీన్నుంచి నిర్ణయిస్తారు, సరియైనదే. అయితే అమాన్ రెండు వైపులా కట్టివేస్తుంది. ఫిఖహ్‌లో 'కఫాలత్' అంటే ఒకరికి పూచీపడటం. ఆ మాటే కార్మికుణ్ణి యజమానికి ముడివేసే పద్ధతికి పేరయింది. అతని పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోవడం, చట్టం వద్దన్న చోట్ల కూడా, వింత కాలేదు. 2020లో ఖతర్ యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించడం వంటి సవరణలు వచ్చాయి. షైబానీ వర్తకుణ్ణి గురించి అడిగినంత శ్రద్ధగా ఈ కార్మికుణ్ణి గురించి అడిగే గ్రంథం ఇంకా రావలసి ఉన్నది.

హమీదుల్లా జీవితమే ఆయన గ్రంథానికి ఒక అనుబంధం. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఐక్యరాజ్యసమితికి పోయిన ఆ ప్రతినిధి బృందంలో ఆయన ఒకరు. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి ఆ విషయాన్ని చర్చకు స్వీకరించింది. 17న హైదరాబాదు సైన్యం లొంగిపోయింది. 22న నిజాము ఫిర్యాదు ఉపసంహరిస్తూ తంతి పంపారు. బ్రిటిషు సార్వభౌమత్వం క్రింద ఉండిన సంస్థానం అంతర్జాతీయ వ్యక్తి అవుతుందా కాదా అన్నది న్యాయవేత్తలు వాదించుకోవలసిన చిక్కు. ఆ వాదంలో దేనికీ, అంతకుముందు రజాకార్ల చేతుల్లో నలిగిన పల్లెలు గాని, ఆ తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో హతులైన ముస్లిములు గాని సాక్షులుగా రాలేదు. రాజ్యాలను మాత్రమే చూసే న్యాయం కంటికి వారు ఆనరు.

హమీదుల్లా మళ్ళీ స్వదేశంలో స్థిరపడలేదు. రాజ్యాల గుర్తింపు గురించి, విదేశీయుల హక్కుల గురించి అధ్యాయాలు వ్రాసిన మనిషి దశాబ్దాలు పారిస్‌లో శరణార్థి పత్రాలతో గడిపారు. అక్కడే పరిశోధన చేశారు, 1959లో ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు, ఇస్తాంబుల్‌కు పోయి పాఠాలు చెప్పారు. 1980 మార్చిలో, టెహరాను బందీలు ఇంకా విడుదల కాకముందు, బహావల్‌పూరు విశ్వవిద్యాలయంలో పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చారు. అందులో ఒకటి అంతర్జాతీయ న్యాయంపైనే. అవి ఉర్దూలో 'ఖుత్‌బాతె బహావల్‌పూర్' పేర అచ్చయ్యాయి. శ్రోతలు అడిగిన ప్రశ్నలు, ఆయన జవాబులు కూడా అందులో ఉన్నాయి. ఆంగ్ల గ్రంథం బరువుగా తోచే విద్యార్థి ఆ ప్రశ్నోత్తరాలతో మొదలుపెట్టి, తరువాత 'ముస్లిమ్ కాండక్ట్ ఆఫ్ స్టేట్'కు రావడం మేలు. వచ్చినప్పుడు ప్రక్కన బలాజురీని కూడా తెరిచి ఉంచుకోవాలి. సైప్రస్ ఉత్తరాలు అందులో ఉన్నాయి.